ఊపిరి యంత్రముతో సహవాసము

గురకను గాఢనిద్రకు చిహ్నముగా నెంచుట మన యిండ్లలో, ఢిల్లీ సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్లలోని తెలుగు కుటుంబములలో సైతము, పరిపాటి. అయితే కొందరి గురక వెనుక దాగియుండి, నిద్రలో గొంతుమార్గము మాటిమాటికి మూసికొనిపోయి, రక్తములో ప్రాణవాయువు తగ్గి, ఉలికిపాటుతో మనిషిని మేల్కొలుపుచుండు స్లీప్ ఆప్నియా రక్తపోటును పెంచును, పగటివేళ మగతలో ముంచును. ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ చిత్రముల సంగీతముతో మనకాత్మీయుడైన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో మరణించినపుడు వైద్యులు పేర్కొన్న కారణములలో నిదియు నొకటి.

1981లో సిడ్నీ వైద్యుడు కోలిన్ సలివన్ లోకమునకు తెలిపిన సీపాప్ చికిత్స, మాస్కు ద్వారా గాలిని నిరంతర పీడనముతో పంపి, గొంతు మూసికొనకుండ నిలుపును. మొదటి వారములలో మాస్కు ఒరయును, నోరెండును, గాలి కంటివైపు కారును. పలువురు యంత్రమును బీరువాలో పెట్టివేయుదురు. ఇది రోగి మొండితనమని నేనంగీకరింపను. ముఖమునకు తగిన మాస్కును, తేమపాత్రను, పీడనమును మెల్లగా హెచ్చించు అమరికను చూపువారు లేకపోవుటయే ప్రధానకారణమని నా దృఢవిశ్వాసము.

సరోజినీ నగర్‌కు చేరువనే సఫ్దర్‌జంగ్, ఎయిమ్స్ ఆసుపత్రులున్నవి, కేంద్రోద్యోగులకు సి.జి.హెచ్.ఎస్. (కేంద్రప్రభుత్వ ఆరోగ్యపథకము) యంత్రపు వెలను పరిమితికి లోబడి చెల్లించుచున్నది. యంత్రము చేతికిచ్చిన పిమ్మట కొన్ని మాసములైనను రోగిని పిలిచి, మాస్కు సరిచూచి, యంత్రములో నమోదైన రాత్రుల లెక్క చదివి చెప్పు శిక్షితుని నియమించుటయు చికిత్సలో భాగము కావలెను. ప్రక్కన నిద్రించువారును ఆ మాటలు వినవలెను, ఊపిరి యాగుటను మొదట గుర్తించునది తరచుగా వారే గనుక.