మీకేం వచ్చో మీ కంపెనీకి తెలుసా?

ఉద్యోగంలో చేరినప్పుడు ప్రొఫైల్‌లో ‘జావా’ అని రాశారు. తర్వాత రాత్రిళ్లు కూర్చుని పైథాన్, క్లౌడ్ నేర్చుకున్నారు. కానీ కంపెనీ లెక్కలో మీరింకా జావా దగ్గరే ఉన్నారు!

ఐటీ సర్వీసుల కంపెనీల్లో ప్రాజెక్ట్ అయిపోతే బెంచ్ మీదికి రావాల్సిందే. కొత్త ప్రాజెక్ట్‌కి మనుషులు కావాలంటే, ఆ పని చూసే ఆర్‌ఎంజీ టీమ్ పోర్టల్‌లోనే వెతుకుతుంది. ఏ స్కిల్, ఎన్నేళ్ల అనుభవం, ఏ స్థాయి... చూసేది అదే. అక్కడ లేని స్కిల్ మీకు రానట్టే లెక్క. చివరికి అదే పనికి బయట నుంచి ఇంకొకర్ని తీసుకుంటారు. చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు!

ఇదివరకటిలా బెంచ్ అంటే రెస్ట్ కాదు. 2025 జూన్‌లో టీసీఎస్ తెచ్చిన రూల్ ప్రకారం ఏడాదికి 225 రోజులు బిల్ అయ్యే పనిలో ఉండాలి, బెంచ్ 35 రోజులు దాటకూడదు. అలాంటప్పుడు పాత ప్రొఫైల్ ఉద్యోగానికే ఎసరు తేవచ్చు.

అందుకే మూడు నెలలకోసారి ఓ అరగంట కేటాయించండి. కొత్తగా నేర్చుకున్నది రాయండి. సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, దాంతో ఏం పని చేశారో కూడా పెట్టండి. అలాగని అన్నింటికీ 5కి 5 వేసుకోకండి, క్లయింట్ ఇంటర్వ్యూలో దొరికిపోతారు. మేనేజర్ అప్రూవ్ చేయాల్సి ఉంటే గుర్తు చేయండి, మొహమాటం వద్దు.

ఇన్‌స్టా బయో మార్చినంత తేలికే. ఈరోజే ఓసారి పోర్టల్ తెరిచి చూడండి!