పరీక్ష తప్పితే చదువే తప్పాలా?

దౌల్తాబాద్ మండలంలో పత్తి ఏరే రోజులూ, డిగ్రీ తరగతులు ముమ్మరంగా సాగే రోజులూ ఒకటే. గజ్వేల్‌కో సిద్దిపేటకో బస్సెక్కి చదువుకునే కూలీ బిడ్డ చేనుకు పోతే హాజరు తగ్గుతుంది, కళాశాలకు పోతే ఇంటి రాబడి తగ్గుతుంది. 75 శాతం హాజరు లేకనో, సబ్జెక్టులు తప్పో అదే తరగతిలో నిలిచిపోయిన విద్యార్థికి మరో దెబ్బ తగులుతుంది. మళ్లీ చదివే ఏడాదికి ఉపకార వేతనం అందదు.

ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతనాల పథకం 1944లో మొదలైంది. 2010 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పై తరగతికి వెళ్లినవారికే సాయం కొనసాగేది. వైద్యం, ఇంజనీరింగ్ వంటి మొదటి గ్రూపు కోర్సుల వారు తొలిసారి తప్పితే మాత్రం మన్నింపు ఉండేది, రెండోసారి తప్పితే ఖర్చు వారిదే. బీఏ, బీకాం, బీఎస్సీ విద్యార్థికి ఆ తొలి మన్నింపు కూడా ఉండేది కాదు. తొలితరం దళిత విద్యార్థికి ఊరి దగ్గర అందుబాటులో ఉండేది తరచూ ఈ సాధారణ డిగ్రీలే. మరి ఎవరికి ఎక్కువ అవసరమో వారికే ఎందుకు తక్కువ?

అనారోగ్యం వల్లనో, అనుకోని ఆపద వల్లనో పరీక్ష రాయలేకపోతే, ఆధారాలు చూపి మరుసటి ఏడాది సాయం పొందవచ్చునని అవే నిబంధనలు చెప్పాయి. జ్వరానికి వైద్యుడు ధ్రువపత్రం ఇస్తాడు. చేనులో గడిచిన దినాలకు ఎవరిస్తారు?

ప్రజాధనానికి లెక్క ఉండాలి, మళ్లీ మళ్లీ ఇస్తే శ్రద్ధ సన్నగిల్లుతుందనే వాదన కొట్టిపారేయదగినది కాదు. కానీ అడుగుతున్నది ఒక్క అవకాశమే. కలిగిన ఇంట తప్పిన ఏడాదికి తండ్రి ఫీజు కడతాడు, అక్కడ పోయేది ఒక సంవత్సరం. లేని ఇంట పోయేది చదువే. పైగా గడువు తప్పడం విద్యార్థులకే పరిమితం కాదు. ఫీజు బకాయిల కోసం 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కళాశాలలు మూతపడ్డాయి. బకాయిల పేరుతో టీసీలు, మెమోలు ఆపితే నష్టపోయేదీ విద్యార్థే. ఏళ్ల తరబడి చెల్లింపు తప్పిన ప్రభుత్వం, ఒక్కసారి పరీక్ష తప్పిన బిడ్డపై ఇంత కఠినంగా ఉండడం న్యాయమా?

కాబట్టి కోర్సు ఏదైనా, కులం ఏదైనా, అర్హులందరికీ మళ్లీ చదివే ఒక ఏడాదికి ఫీజూ ఉపకార వేతనమూ ఇవ్వాలి. పత్తి పనుల కాలంలో తగ్గిన హాజరును పరిశీలించే అధికారం కళాశాలకు ఉండాలి. బ్యాక్‌లాగ్ ఉన్నా పై తరగతికి వెళ్లినవారికి సాయం ఆపరాదన్న నిబంధనను ప్రతి నోటీసు బోర్డుపై పెట్టాలి. విద్యార్థి సంఘాలు బకాయిలతో పాటు ఈ డిమాండునూ ఎత్తుకోవాలి. తప్పినవారిని వదిలేసే పథకం సామాజిక న్యాయం అనిపించుకోదు.