మీరు అడిగారు: పరాయి ఊళ్ళో మన జట్టుకు చప్పట్లు

హొళగుంద నుంచి ఒక పిల్లవాడు ఇలా అడిగాడు: "మా మామ నన్ను బెంగళూరులో క్రికెట్ మ్యాచి చూడటానికి తీసుకుపోతానన్నాడు. నాకేమో హైదరాబాదు జట్టంటే ఇష్టం. అక్కడ చుట్టూ బెంగళూరు జట్టువాళ్ళే ఉంటారు గదా! మా జట్టు బాగా ఆడితే నేను చప్పట్లు కొట్టవచ్చునా? లేక నోరు మూసుకుని కూర్చోవాలా?"

హొళగుంద పిల్లలకు ఇలాటి చిక్కు రావటంలో వింత లేదు. ఆ ఊరు కర్ణాటక సరిహద్దుకు చాలా దగ్గర. తెలుగూ, కన్నడమూ రెండూ వినబడే చోటు. ఆదోనికి పోయి రైలెక్కితే, ఒక దిక్కున గుంతకల్లు మీదుగా బెంగళూరు పోవచ్చు. ఇంకో దిక్కున రాయచూరు మీదుగా సికిందరాబాదు పోవచ్చు. ఒకే ఇంట్లో అన్నది ఒక జట్టూ, చెల్లెలిది మరొక జట్టూ కావచ్చు.

నీ ప్రశ్నకు జవాబు చెబుతాను. చప్పట్లు కొట్టవచ్చు. భయపడవలసిన పని లేదు. ఐతే నువు అక్కడ అతిథివి. అతిథికి కొన్ని హక్కులున్నాయి, కొన్ని మర్యాదలున్నాయి. అవేమిటో తెలియాలంటే ముందు మరొక దేశపు ఆట సంగతి వినాలి.

అమెరికాలో బేస్‌బాల్ అనే ఆట ఉన్నది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా దాన్ని చూడటానికి వెళుతూ ఉంటారు. జట్టుకు తొమ్మిదిమంది. ఒక్కొక్క జట్టు తొమ్మిదిసార్లు బ్యాటు పట్టుకుంటుంది. క్రికెట్‌లో ఎవరు ముందు ఆడాలో తేల్చటానికి నాణెం ఎగరవేస్తారు. బేస్‌బాల్‌లో ఆ పని లేదు. బయటి ఊరి నుంచి వచ్చిన జట్టే ఎప్పుడూ ముందు ఆడుతుంది! అతిథికి ముందు వడ్డించినట్టు అన్నమాట. కాని ఇందులో ఒక కిటుకు లేకపోలేదు. చివరిసారి బ్యాటు పట్టేది ఇంటి జట్టు. ఎన్ని పరుగులు కావాలో తెలుసుకుని మరీ ఆడవచ్చు. దుస్తుల్లో కూడా తేడా చూపటం పాత ఆచారం. ఇంటి జట్టుకు తెల్లబట్టలు, వచ్చిన జట్టుకు బూడిదరంగు బట్టలు.

బంతి ప్రేక్షకులలో పడితే ఏం చేస్తారు? క్రికెట్‌లో దాన్ని వెనక్కి ఇచ్చెయ్యాలి. బంతి అరిగేకొద్దీ దాని నడక మారుతుంది, అందుచేత అదే బంతితో ఆట సాగాలి. బేస్‌బాల్‌లో ఒక్క మ్యాచిలోనే డజన్లకొద్దీ బంతులు మారుస్తారు. కనుక అక్కడ బంతి దొరికినవాడు దాన్ని ఇంటికి తీసుకుపోవచ్చు. ఐతే చికాగోలో రిగ్లీ ఫీల్డు అనే మైదానం ఉన్నది. 1914లో కట్టినది. అక్కడ ఎదుటి జట్టు కొట్టిన బంతి ప్రేక్షకులలో పడితే, "మాకొద్దు!" అన్నట్టుగా దాన్ని తిరిగి మైదానంలోకి విసిరివేయటం ఒక ఆచారం. అదొక వేడుక. కాని దొరికిన బంతిని దాచుకోవాలని ఆశపడే బయటి ఊరి పిల్లవాడికి అది కాస్త కష్టంగానే ఉంటుంది!

చూశావా? ఆటగాళ్ళకు జరిగే న్యాయం నియమాలలో రాసి ఉంటుంది. ప్రేక్షకుడికి జరిగే న్యాయం మాత్రం పక్కన కూర్చున్నవాడి మంచితనం మీద ఆధారపడుతుంది. మనవాళ్ళు ఈ మంచితనాన్ని ఎంత గొప్పగా చూపారో రెండు ఉదాహరణలు చెబుతాను.

1999 జనవరిలో చెన్నైలో భారత పాకిస్తాన్ జట్లు టెస్టు మ్యాచి ఆడాయి. మనకు కావలసినవి 271 పరుగులు. సచిన్ టెండూల్కర్ నడుమునొప్పితో బాధపడుతూనే 136 పరుగులు చేశాడు. అతను అవుటయ్యాక మిగిలినవాళ్ళు నాలుగు పరుగులు మాత్రమే చేయగలిగారు. మనవాళ్ళు 12 పరుగుల తేడాతో ఓడిపోయారు. మైదానం ఒక్క క్షణం మూగపోయింది. తరవాత చెన్నై జనం లేచి నిలబడి, గెలిచిన పాకిస్తాన్ జట్టుకు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య పాకిస్తాన్ ఆటగాళ్ళు మైదానం చుట్టూ తిరిగి వందనం చేశారు.

రెండోది మన హైదరాబాదులో జరిగింది. 2023 ప్రపంచకప్పుకు ముందు, సెప్టెంబరు 29న, పాకిస్తాన్ జట్టు ఉప్పల్ మైదానంలో న్యూజీలాండ్‌తో సన్నాహక మ్యాచి ఆడింది. నగరంలో పండగల బందోబస్తు ఉండటంచేత ఆ రోజు ప్రేక్షకులను లోపలికి రానివ్వలేదు. అన్నీ ఖాళీ కుర్చీలే! తరవాత అక్టోబరు 10న అదే మైదానంలో శ్రీలంక జట్టు 344 పరుగులు చేసింది. పాకిస్తాన్ నుంచి అభిమానులు బహు కొద్దిమంది మాత్రమే రాగలిగారు. అయినా ఆటగాళ్ళకు ప్రోత్సాహం కొరవడలేదు. అబ్దుల్లా షఫీక్ 113 పరుగులూ, కండరాలు పట్టేస్తున్నా లెక్కచేయక మహమ్మద్ రిజ్వాన్ 131 పరుగులూ చేస్తూంటే, హైదరాబాదు జనం తమ సొంత జట్టు ఆడుతున్నట్టే కేకలు వేశారు. పాకిస్తాన్ గెలిచింది. ప్రపంచకప్పులో అంతవరకూ ఎవరూ అంత పెద్ద లక్ష్యాన్ని అందుకోలేదు. తనకు రావల్పిండిలో ఆడుతున్నట్టే అనిపించిందని రిజ్వాన్ ఆ జనానికి కృతజ్ఞత చెప్పాడు.

కాబట్టి నీ జట్టు ఫోరు కొడితే సంతోషంగా చప్పట్లు కొట్టు. బెంగళూరువాడు మంచి క్యాచి పట్టితే అప్పుడు కూడా కొట్టు. ఎదుటి ఆటగాడు అవుటైతే అతన్ని ఎగతాళి చేయకు. అతన్ని అవుట్ చేసిన బంతిని మెచ్చుకో. పక్కన కూర్చున్న కన్నడ అబ్బాయితో అతని భాషలోనే నాలుగు మాటలు మాట్లాడు. హొళగుందవాడివి, నీకది కష్టం కాదు గదా!

చప్పట్ల గురించి ఒక తమాషా చెబుతాను. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మైదానానికి అవతలివైపు, నీకు 200 మీటర్ల దూరాన ఉన్నవాళ్ళు చప్పట్లు కొడితే, ఆ శబ్దం నీ చెవికి చేరటానికి అరసెకను పైగా పడుతుంది. అందుచేత వాళ్ళ చేతులు కలవటం ముందు కనబడుతుంది, చప్పుడు తరవాత వినబడుతుంది. టీవీలో ఈ తేడా తెలియదు. అక్కడికి వెళ్ళినప్పుడు గమనించు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. దీన్ని పెద్దలు కూడా చదవాలి. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర, తమ జట్టు గెలుపును పండగ చేసుకోవటానికి వచ్చినవాళ్ళలో 11 మంది తొక్కిసలాటలో చనిపోయారు. వాళ్ళలో చాలామంది చిన్న వయసువాళ్ళు. దేవరగట్టు జాతర చూసినవాళ్ళకు జనసమ్మర్దం అంటే ఏమిటో తెలుసు. చదరపు మీటరు జాగాలో ఆరేడుగురు ఇరుక్కుంటే, మనం నడవటం అంటూ ఉండదు. జనమే మనను నీటివలె తోసుకుపోతుంది. రొమ్ము నొక్కుకుపోయి, నిలబడినవాడికి నిలబడినట్టే ఊపిరి ఆడకపోవచ్చు. అందుచేత మ్యాచికి చాలా ముందుగా వెళ్ళండి. ఆట అయిపోగానే అందరితోపాటు గేటుకు పరిగెత్తకండి; పావుగంట కూర్చోండి. ఒకవేళ ఇరుక్కుంటే చేతులు మడిచి రొమ్ముకు ముందు పెట్టుకో. చెప్పు జారినా వంగి తియ్యకు. తోపుకు ఎదురు తిరగకు. అది కాస్త తగ్గినప్పుడల్లా ఐమూలగా పక్కకు జరుగు. చెప్పు పోతే మరొకటి కొనుక్కోవచ్చు. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో మామా నువ్వూ లోపలికి పోకముందే అనుకోండి.

చివరగా పిల్లలందరికీ ఒక పని చెబుతాను. మీ బడికి పక్క ఊరి జట్టు కబడ్డీ ఆడటానికి వచ్చినప్పుడు, వాళ్ళతోపాటు ఏ నలుగురైదుగురు పిల్లలో వచ్చి గట్టుమీద ఒక మూల నిలబడతారు. వాళ్ళ జట్టుకు వాళ్ళు మెల్లిగా చప్పట్లు కొడతారు. ఆ రోజు పరాయి ఊరివాళ్ళు వాళ్ళు, ఇంటివాళ్ళు మీరు. ముందు వాళ్ళకు మంచినీళ్ళు ఇవ్వండి, నీడలో చోటివ్వండి. తరవాత మీ జట్టుకోసం గొంతు పోయేదాకా అరవండి!