గడులు మారితే గగ్గోలేల?

“మీ లినక్సు వారికి మాట మీద నిలకడ లేదండీ” అన్నారు మొన్న మిత్రుడొకాయన. ఫిర్యాదు చిన్నదే. ఆయన వైర్‌లెస్ కార్డు నిన్నటిదాకా పనిచేసింది. కెర్నెల్‌ను కొత్తదానికి మార్చగానే మూగబోయింది. తయారీదారు ఏనాడో ఇచ్చిన డ్రైవరు కొత్త కెర్నెల్‌లోకి ఎక్కనని మొరాయించింది. తయారీదారుకు వ్రాస్తే, ఆ నమూనా సంగతి తాము ఇక పట్టించుకోమని జవాబు వచ్చిందట. ఇంత జరిగాక ఆయన వేలు చూపింది ఎవరివైపు? తయారీదారు వైపు కాదు, కెర్నెల్ వైపు! “డ్రైవరుకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ నడుమ ఒప్పందమంటూ ఒకటి ఉండాలి కదా! దాన్ని పూటకొక రకంగా మారుస్తే ఎవడు వేగుతాడు?” అన్నారు.

ఈ మాట నాకు కొత్త కాదు. ఏళ్ళ తరబడి వింటున్నాను. విన్న ప్రతిసారీ మర్యాదకు నవ్వి ఊరుకున్నాను. ఇక ఊరుకోదలచుకోలేదు.

ముందుగా ఆ ఒప్పందమేమిటో చూద్దాం. లినక్సు కెర్నెల్‌లో ప్రతి నెట్‌వర్కు పరికరానికీ ‘నెట్_డివైస్’ అనే ఒక నిర్మాణం ఉంటుంది. దాన్ని కరణంగారి అడంగల్‌లో ఒక పుటగా ఊహించుకోండి. పరికరం పేరొక గడిలో, చిరునామా ఒక గడిలో, ఒక్క విడతలో పంపగల గరిష్ఠ పరిమాణం (ఈథర్‌నెట్‌కు మామూలుగా 1500 బైట్లు) మరొక గడిలో. వీటితోబాటు, “పరికరాన్ని తెరవాలంటే ఈ ఫంక్షన్‌ను పిలువు, మూయాలంటే దీన్ని, ప్యాకెట్టు పంపాలంటే అదుగో దాన్ని” అని చెప్పే సూచికల పట్టిక. డ్రైవరు ఈ పుటను నింపి కెర్నెల్ దగ్గర నమోదు చేయించుకుంటుంది. ఆపైన కార్డును ఎవరు తయారుచేశారో, దాని కడుపులో ఏ చిప్పు ఉన్నదో కెర్నెల్‌కు అనవసరం. పుట చూసి పని జరిపిస్తుంది. ప్యాకెట్లు ప్రయాణించేది ‘ఎస్‌కే_బఫ్’ అనే మరొక నిర్మాణంలో. దానికి ముందుభాగాన కొంత ఖాళీ విడిచిపెడతారు. టీసీపీ తన శీర్షికను, ఐపీ తన శీర్షికను, ఈథర్‌నెట్ తన 14 బైట్లను ఒకదాని ముందొకటి తగిలించుకుంటూ పోతాయి. అసలు సరుకును కదపనక్కరలేదు, ఒక సూచికను వెనక్కు జరిపితే చాలు.

ఇక్కడొక మెలిక ఉన్నది. సోర్సు కోడులో గడులకు పేర్లుంటాయి. కంపైలు చేశాక ఆ పేర్లు మాయమై దూరాలు మాత్రమే మిగులుతాయి. మొదటినుండి ఇన్ని బైట్లు లెక్కపెట్టుకుని అక్కడున్నది చదవడమే యంత్రానికి తెలుసు. పుట మధ్యలో కొత్తగా ఒక గడి చేర్చామనుకోండి. పాత లెక్కతో వచ్చినవాడు శిస్తు గడిలోని అంకెను చూసి విస్తీర్ణమనుకుంటాడు. అందుకే లెక్క కుదరని డ్రైవరును కెర్నెల్ గడప దగ్గరే ఆపేస్తుంది. మా మిత్రుడు మొండితనమనుకున్నది నిజానికి రక్షణ. లోపలికి రానిచ్చి ఉంటే పోయేది వైర్‌లెస్ ఒక్కటే కాదు, యంత్రమంతా కుప్పకూలేది.

“సరే, ఆ గడులను అసలు మార్చడమెందుకు?” ఇదే కదా ప్రశ్న. ఎందుకు మార్చారో మూడు ఉదాహరణలు చెబుతాను.

ఒకటి. ప్యాకెట్లు ముంచుకొచ్చినప్పుడు ఒక్కొక్కదానికీ ప్రాసెసరును తట్టి లేపకుండా, గుంపుగా చదువుకునే ‘నాపీ’ అనే పద్ధతి ఉన్నది. దాని వివరాలు మొదట్లో నెట్_డివైస్ పుటలోనే ఉండేవి, అంటే ఒక పరికరానికి ఒకే వరుస అన్న లెక్క. పలు వరుసలున్న కార్డులు వచ్చేసరికి, అదనపు వరుసల కోసం డ్రైవర్లు లేని పరికరాలను ఉన్నట్లుగా సృష్టించవలసి వచ్చింది. దొంగపట్టాలన్నమాట! 2008లో వచ్చిన 2.6.24తో నాపీకి తనదైన నిర్మాణం ఏర్పడి ఆ బాధ తీరింది.

రెండు. ఫంక్షన్ సూచికలు పూర్వం ప్రతి పరికరపు పుటలోనూ విడివిడిగా ఉండేవి. ఒకే డ్రైవరు వంద పరికరాలను నడిపితే అవే సూచికలు వందసార్లు. పైగా అవి వ్రాయడానికి వీలున్న జ్ఞాపకంలో ఉండేవి. దుర్బుద్ధితో చొరబడినవాడు వాటిని తిరగవ్రాస్తే కెర్నెల్ పగ్గాలు వాడి చేతికే. 2009లో 2.6.29 వాటిని ‘నెట్_డివైస్_ఆప్స్’ అనే వేరే పట్టికలోకి తరలించింది. ఒక డ్రైవరుకు ఒక్క పట్టిక చాలు. దాన్ని మార్పు పడని జ్ఞాపకంలో ఉంచవచ్చు.

మూడు. నేటి ప్రాసెసర్లు సాధారణంగా జ్ఞాపకాన్ని 64 బైట్ల ముక్కలుగా తెచ్చుకుంటాయి. ప్యాకెట్టు పంపేటప్పుడు మాటిమాటికీ చూసే గడులు పుట నిండా చెల్లాచెదురుగా ఉంటే ప్రతిదానికీ ఒక కొత్త ముక్కను మోసుకురావాలి. 2024 మార్చిలో వెలువడిన 6.8లో ఆ గడులను ఒకచోటికి చేర్చారు. ఒక్క కొత్త సౌకర్యమూ లేదు. కేవలం వరుస మార్పు, దానితో వేగం.

ఈ మూడింటిలో దేనిని ఆపి ఉండవలసిందో మా మిత్రుడు చెప్పాలి. కెర్నెల్ కర్తలకు ఈ నిర్మాణంపై గుడ్డిప్రేమ ఏమీ లేదు. ఇదంతా ఒక పెద్ద పొరపాటని ఆ ఫైలులోనే వ్యాఖ్యగా వ్రాసి పెట్టుకున్నారు, అదీ ఏళ్ళ తరబడి. తమ తప్పును తామే ఎత్తిచూపుకునేవారిని ఆ తప్పుకే శాశ్వతంగా కట్టుబడి ఉండమనడం ఏ న్యాయం?

ఈ మార్పులు జరిగినప్పుడు కెర్నెల్ సోర్సులో భాగమైన డ్రైవర్ల సంగతేమిటి? గడిని మార్చినవారే వాటినీ సరిదిద్దుతారు, సరిదిద్దాలన్నది అక్కడి నియమం. అందుకే ఆ డ్రైవర్లను వాడేవారికి మార్పు జరిగినట్లే తెలియదు. తెలిసేది సోర్సును బీరువాలో దాచి బైనరీని మాత్రమే బయటికి విసిరినవారి కొనుగోలుదార్లకే. పంట పంచను, పొలం చూపను, గట్టు మాత్రం నా కోసం కదలకూడదంటే కుదురుతుందా?

“విండోసులో ఈ గొడవ లేదు కదా” అంటారు. ఎందుకు లేదు? అక్కడి ఎన్‌డీఐఎస్ కూడా విస్టాతో 6.0కు మారి, ప్యాకెట్టును మోసే నిర్మాణాన్నే మార్చేసింది. పాత డ్రైవర్ల కోసం నడుమ ఒక దుబాసీని కూర్చోబెట్టారు. ఆ దుబాసీ జీతం ప్రతి ప్యాకెట్టు మీదా పడుతుంది. రెడ్ హ్యాట్ వారి వ్యాపార లినక్సులో స్థిరత్వం కోసం నిర్మాణాల్లో ముందే ఖాళీ గడులు వదిలిపెడతారు. ఆండ్రాయిడ్‌లోనూ అదే ఉపాయం. అయితే వారు ఆ ఖర్చును ఎరిగి, ఒక్కొక్క శాఖకు కొన్నేళ్ళ గడువు పెట్టుకుని భరిస్తున్నారు. ఆ భారాన్ని లోకమంతటి మీదా శాశ్వతంగా మోపమని అడగడం వేరు.

దాచినవాటి చరిత్ర ఎలాంటిదో చూడండి. బ్రాడ్‌కామ్ వైర్‌లెస్ చిప్పుల వివరాలు బయటికి రాని రోజుల్లో ఎన్‌డీఐఎస్‌ర్యాపర్ అనే తొడుగు వేసి విండోసు డ్రైవర్లను లినక్సులో నడిపించారు. ఔత్సాహికులు బ్రాడ్‌కామ్ బైనరీ డ్రైవరు పనితీరును విప్పి చూసి, వివరాలు గ్రహించి, కొత్తగా వ్రాసిన డ్రైవరు 2006లో 2.6.17లో చేరింది. చివరికి 2010లో ఆ సంస్థే తన కొత్త చిప్పులకు సోర్సుతో కూడిన డ్రైవరును విడుదల చేసింది. గడులను స్థిరంగా ఉంచుతామని కెర్నెల్ మొదటే మాట ఇచ్చి ఉంటే ఆ విడుదల జరిగేదా? నాకు నమ్మకం లేదు.

తెలుగువారికి ఈ కథ వేరే చెప్పాలా? యూనికోడుకు ముందు ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఫాంటు, ఒక్కొక్క రహస్య సంకేతాల వరుస. ఆ ఫాంటు లేకుంటే తెలుగంతా లాటిన్ పిచ్చిగీతలు. ‘పద్మ’ వంటి ఉపకరణాలు ఆ వరుసలను ఒక్కొక్కటిగా విప్పి యూనికోడులోకి మార్చితేగాని అక్షరాలు మనవి కాలేదు. ఆనాడు “ఆ ఫాంటులనే శాశ్వతం చేయండి” అని మనం అడిగామా? తాళం తీయమన్నాం.

అవతలి పక్షంలో న్యాయం బొత్తిగా లేదనను. కార్డు కొన్న మనిషికి ఈ గడుల గొడవ తెలియదు, తెలియనక్కరలేదు. ఆయనకు కనిపించేది చచ్చిన కార్డు మాత్రమే. కెర్నెల్ లోపలున్నవీ చిరంజీవులు కావు. వాడేవారు కరవై టోకెన్ రింగ్ డ్రైవర్లను 2012లో 3.5 నుండి తొలగించారు. కానీ వాటి సోర్సు పాత ప్రతుల్లో భద్రంగా ఉన్నది. పట్టుదల ఉన్నవాడు ఈ రోజైనా తీసి బ్రతికించుకోవచ్చు. మా మిత్రుని డ్రైవరుకు ఆ అవకాశమే లేదు.

పైగా కెర్నెల్ మాట ఇవ్వవలసిన చోట ఇచ్చింది, నిలుపుకుంటున్నది. వాడుకరి ప్రోగ్రాములు ఆధారపడే సరిహద్దును చెడగొట్టకూడదన్నది అక్కడ కఠిన నియమం. 1983 నాటి 4.2 బీఎస్‌డీ సాకెట్ పిలుపులు నేటికీ చెల్లుతున్నాయి. వీధి తలుపు ఉన్నచోటనే ఉన్నది. మార్చినది వంటింటి అరలను. ఇంటి మనిషిగా వచ్చినవానికి ఏ డబ్బా ఎక్కడున్నదో ఎవరో ఒకరు చూపిస్తారు. కిటికీలోంచి చేయి పెట్టి ఉప్పు తీసుకుందామనుకున్నవానికి కారం తగిలితే తప్పు అరది కాదు.

మిత్రునికి నా సలహా ఒక్కటే. ఈసారి కార్డు కొనేముందు దాని డ్రైవరు కెర్నెల్ సోర్సులో ఉన్నదో లేదో చూడండి. లేకపోతే ఆ సంగతి అమ్మేవానితో చెప్పి మరీ దుకాణం మెట్లు దిగండి.