టైరు జారకపోతే ఏది విరుగుతుంది?

“అన్నా, సెకండ్ హ్యాండ్ మస్టాంగ్ జీటీ కొన్నా. 2016 మోడల్, మాన్యువల్, పెర్ఫార్మెన్స్ ప్యాకేజీ. ఫస్ట్ గేర్‌లో గట్టిగా తొక్కితే వెనక టైర్లు గిర్రున తిరుగుతున్నాయి గానీ కారు ముందుకెళ్లట్లేదు. డ్రాగ్ రేడియల్స్ వేసేయ్ అంటున్నారు ఫ్రెండ్స్. ఏవి కొనను? ఆఫీసుకి కూడా రోజూ ఇదే కారు.”

డాలస్ పక్కన ఇర్వింగ్ నుంచి ఒక తమ్ముడు పంపిన మెసేజ్ ఇది. ఇలాంటివి ఈమధ్య చాలా వస్తున్నాయి. మన దగ్గర 2016లో ఫోర్డ్ అమ్మిన మస్టాంగ్ ఆటోమేటిక్ మాత్రమే. మాన్యువల్ వీ8 మోజు తీరాలంటే అమెరికా వెళ్లినవాళ్లకే. ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాది కొనేది కూడా చాలామంది అదే.

టైరు పేరు చెప్పేస్తే ఒక్క లైన్‌లో అయిపోతుంది. కానీ తమ్ముడూ, నీ మెసేజ్‌లో అసలు సంగతి చివరి వాక్యంలో ఉంది. “రోజూ ఇదే కారు.” అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఇంతకీ ఏమిటీ టైరు?

డ్రాగ్ రేడియల్ అంటే రోడ్డు మీద నడపడానికి అనుమతి ఉన్న రేసు టైరు. పక్క గోడ మీద ‘డాట్’ ముద్ర ఉంటుంది. రబ్బరు చాలా మెత్తన, గాళ్లు చాలా తక్కువ. వేడెక్కితే జిగురులా రోడ్డుని పట్టుకుంటుంది. మిక్కీ థాంప్సన్, నిట్టో, హూజియర్, ఎం అండ్ హెచ్ లాంటి కంపెనీలు వీటిని చేస్తాయి.

ఎంత మెత్తనో తెలియాలంటే టైరు మీద ‘ట్రెడ్‌వేర్’ నంబర్ చూడు. మామూలు కారు టైరుకి 300 నుంచి 500 పైన ఉంటుంది. డ్రాగ్ రేడియల్స్‌లో కొన్నిటికి 100, కొన్నిటికి ఏకంగా 0. ఈ నంబర్ కోసం చేసే పరీక్ష మీ టెక్సాస్‌లోనే, శాన్ ఆంజెలో చుట్టుపక్కల 400 మైళ్ల రూటులో జరుగుతుంది. మొత్తం 7,200 మైళ్లు తిప్పి అరుగుదల కొలుస్తారు. నంబర్ తగ్గేకొద్దీ పట్టు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. రోజూ ఆఫీసుకి తిప్పితే కొన్ని వేల మైళ్లకే నున్నగా అయిపోతుంది.

మాన్యువల్ అయితే లెక్క వేరు

ఊళ్లో వ్యవసాయ మోటారు ఉన్నవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని విసుగొచ్చి లావు తీగ చుట్టేస్తారు చూడు! ఆ తర్వాత ఫ్యూజు పోదు, మోటారే కాలిపోతుంది.

నీ కారులో ఆ ఫ్యూజు ఇప్పుడున్న టైరు. ఇంజన్‌లో 435 హార్స్‌పవర్ ఉంది. ఆ బలం క్లచ్, గేర్‌బాక్స్, డ్రైవ్‌షాఫ్ట్, డిఫరెన్షియల్, యాక్సిల్ దాటి చివరికి టైరుకి వస్తుంది. క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తే వచ్చే దెబ్బని టైరు జారిపోయి తప్పిస్తోంది. టైరు జారకపోతే? వరసలో తర్వాత బలహీనంగా ఉన్నదేదో ఆ దెబ్బ తింటుంది. కొందరికి క్లచ్ పోతుంది, కొందరికి యాక్సిల్ విరుగుతుంది.

ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ మధ్యలో ద్రవంతో మెత్తగా బలం అందిస్తుంది. మాన్యువల్‌లో ఆ పరుపు ఉండదు. నీ ఎడమ కాలే ఆ పరుపు.

పాతకాలపు బయాస్ ప్లై రేసు టైర్లు ఇక్కడ కొంచెం దయ చూపిస్తాయి. వాటి లోపలి దారాలు ఏటవాలుగా అల్లి ఉంటాయి, అందుకే స్టార్టింగ్‌లో పక్క గోడ ముడతలు పడి దెబ్బని కొంత మింగుతుంది. కాస్త జారినా మళ్లీ పట్టు దొరకబుచ్చుకుంటుంది. రేడియల్‌లో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకి నేరుగా ఉంటాయి. అది పడితే గట్టిగా పడుతుంది, ఒకసారి జారడం మొదలైతే తిరిగి పట్టుకోవడం కష్టం. అందుకే క్లచ్ తొక్కి రేసు చేసేవాళ్లలో చాలామంది ఇప్పటికీ ట్రాక్ మీద బయాస్ ప్లైనే వాడతారు.

మరి నీకూ అదే చెప్పొచ్చు కదా? వద్దు. ముందు రేడియల్, వెనక బయాస్ ప్లై పెట్టుకుని హైవే మీద పోతే కారు ఒక మాట మీద నిలబడదు. రోడ్డు మీద నడిచే కారుకి రేడియలే నయం. కాకపోతే కాలు నేర్చుకోవాలి.

నా కథ కూడా వినాలి

కొన్నేళ్ల కింద నేను హ్యూస్టన్‌లో ఉన్నప్పుడు నాదీ ఇదే కథ. డ్రాగ్ రేడియల్స్ వేయించా. శనివారం ట్రాక్‌కి, సోమవారం ఆఫీసుకి. రెండు సెట్ల చక్రాలు ఎందుకు, డబ్బు దండగ అనుకున్నా.

అమ్మానాన్న ఊరి నుంచి వచ్చారు. నాన్న ఆర్టీసీలో ముప్పై ఏళ్లు డ్రైవర్. ఆయన ముందు సీట్లో, అమ్మ వెనక ఇరుకు సీట్లో. ఐ-45 మీద ఉండగా వాన పట్టుకుంది. టెక్సాస్ వాన తెలుసుగా, బిందెలతో కుమ్మరించినట్టు. నేను స్పీడ్ తగ్గించాననే అనుకున్నా. వెనక భాగం మెల్లగా పక్కకి తేలింది. స్టీరింగ్ నా చేతిలోనే ఉంది, కారు మాత్రం నా మాట వినలేదు. అడ్డంగా తిరిగి షోల్డర్ మీద ఆగింది. వెనకాల ఎవరూ దగ్గరగా రాలేదు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నా.

నాన్న వానలోనే దిగారు. వెనక టైరు దగ్గర కూర్చుని బొటనవేలు గాడిలో పెట్టి చూశారు. కేకలేమీ వేయలేదు.

“ఏరా, ఈ టైరుతో మా డిపోలో బండిని గేటు కూడా దాటనివ్వరు.”

అంతే అన్నారు. అమ్మ ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు.

తప్పు టైరుది కాదు. గాళ్లు తక్కువున్న టైరు నీళ్లని పక్కకి నెట్టలేదు. అది చేయలేని పని నేను చేయించాను. చలి కూడా దానికి పడదు. సున్నా డిగ్రీల దగ్గర మెత్తని రబ్బరు రాయిలా అయిపోతుంది, పగుళ్లు కూడా రావొచ్చు. డాలస్‌లో అలాంటి రోజులు ఏటా కొన్ని వస్తాయి. ఇంకోటి, 2025 జనవరి నుంచి టెక్సాస్‌లో సొంత కార్లకి ఏటా జరిగే సేఫ్టీ తనిఖీ తీసేశారు. అంటే డిపో గేటు దగ్గర ఆపేవాడు లేడు. మనమే చూసుకోవాలి.

అయితే ఏం కొనాలి?

నా సలహా: ఆఫీసు టైర్లు ఆఫీసుకే ఉంచు. వెనకకి మాత్రం ఇంకో జత 17 అంగుళాల వీల్స్ తీసుకుని వాటికి డ్రాగ్ రేడియల్స్ ఎక్కించు. సెకండ్ హ్యాండ్ వీల్స్ దొరుకుతాయి. కొనేముందు అవి నీ వెనక బ్రేకులకి తగలకుండా పడతాయో లేదో అడుగు. ముందు బ్రేకులు పెద్దవి, అక్కడ 19 అలాగే ఉండనీ.

17 ఎందుకంటే, వీల్ చిన్నదైతే రబ్బరు గోడ పొడుగవుతుంది. మాన్యువల్ కొట్టే దెబ్బకి ఆ గోడే కొంచెం పరుపు. ఎత్తు మాత్రం మారకూడదు. లెక్క చూద్దాం. నీ వెనక టైరు 275/40 ఆర్ 19. మొత్తం ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు. 305/45 ఆర్ 17 తీసుకుంటే సుమారు 706. దాదాపు సమానం. స్పీడోమీటర్ తేడా రాదు, గేరు లెక్క మారదు. అదే 305/45 ఆర్ 18 అయితే 732 అవుతుంది. గేరు బరువెక్కి స్టార్టింగ్ మందగిస్తుంది. 305కి దాదాపు 10 అంగుళాల వెడల్పు రిమ్ కావాలని మర్చిపోకు.

రెండో జతకి డబ్బు లేదంటావా? అప్పుడు రకం మార్చు. ట్రెడ్‌వేర్ 0 జోలికి పోకుండా గాళ్లు కాస్త ఎక్కువున్న 100 రకం తీసుకో. కానీ వాన రోజు కారు పార్కింగ్‌లోనే. రూమ్మేట్ కారెక్కు, ట్రెయిన్ ఎక్కు, ఇంటి నుంచి పని చెయ్. ఇది కుదరదంటే డ్రాగ్ రేడియల్ నీకు కాదు. మంచి సమ్మర్ టైర్లు వేసుకో, సగం ఆనందం దాంతోనే వస్తుంది.

పాత స్టాక్ అంటగడతారు, జాగ్రత్త. డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడు. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. మెత్తని రబ్బరు షెల్ఫ్ మీద ఉన్నా గట్టిపడుతుంది.

ట్రాక్ మీద

డాలస్‌కి దగ్గర్లో ఎన్నిస్‌లో టెక్సాస్ మోటార్‌ప్లెక్స్ ఉంది. 1986 నుంచి నడుస్తోంది. పావు మైలు, అంటే 1,320 అడుగులు, మొత్తం కాంక్రీటు.

• చక్రాలు అక్కడికెళ్లాకే మార్చు. నట్లు టార్క్ రెంచ్‌తో బిగించు. నీ మస్టాంగ్‌కి 150 పౌండ్-ఫీట్.

• గాలి 20 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి ఒక్కో పీఎస్ఐ తగ్గిస్తూ చూడు. టైరు కంపెనీ చెప్పిన కనీసం కంటే దిగొద్దు. అదే టైర్లతో ఇంటికి బయల్దేరితే మాత్రం ముందు గాలి నింపు. తక్కువ గాలితో హైవే ఎక్కితే టైరు వేడెక్కి పేలిపోగలదు.

• నీళ్ల గుంటలోకి దూకొద్దు. పక్కనుంచి వెళ్లి వెనక చక్రాలు తడి అంచున ఆనేలా రివర్స్ చెయ్. గాడిలో చేరిన నీళ్లు లాంచ్ అప్పుడు రోడ్డు మీదే కారతాయి. బర్నవుట్ కొద్దిసేపు చాలు, పొగ వీడియో కోసం కాదు.

• క్లచ్ పక్కకి తన్నేయకు. తక్కువ ఆర్‌పీఎంతో మొదలుపెట్టి కాస్త జారనిస్తూ వదులు. ప్రతి రన్‌కీ 200 చొప్పున పెంచు. స్లిప్ మీద ముందు చూడాల్సింది 60 అడుగుల టైమ్. అది తగ్గుతోందంటే కాలు నేర్చుకుంటోందని అర్థం.

• వెనక భాగం డబడబా ఎగిరితే, దాన్నే వీల్ హాప్ అంటారు, వెంటనే కాలు తీసెయ్. యాక్సిళ్లు విరిగేది ఆ క్షణంలోనే. నీ కారుకి వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ కాబట్టి ఇది ఎక్కువ. టైర్ల కంటే ముందు అక్కడి మెత్తని బుష్‌లు గట్టిపరచడానికి ఖర్చు పెట్టు.

• ఎన్‌హెచ్‌ఆర్‌ఏ రూల్స్ ప్రకారం 13.99 సెకన్లు, అంతకన్నా వేగంగా పోతే హెల్మెట్ తప్పనిసరి. నీ కారు ఆ లెక్కలోకే వస్తుంది.

చివరగా ఒక అన్నగా ఒక మాట. రాత్రిపూట ఖాళీ రోడ్డు మీద “ఒక్క పుల్” అనొద్దు. టెక్సాస్‌లో రోడ్డు మీద రేసింగ్ క్లాస్ బీ నేరం. అరెస్టయితే అది ఫైన్ కట్టి మర్చిపోయే సంగతి కాదు, రేపు వీసా దగ్గర ఎదురుపడుతుంది. ట్రాక్ టికెట్ దానికంటే ఎన్నో రెట్లు చవక.

ఇప్పుడు నేను ట్రాక్ చక్రాలు వేరే పెట్టుకున్నా. అయినా నాన్న ఊరి నుంచి ఫోన్ చేస్తే పెట్టేసేముందు ఒకటి అడుగుతారు.

“టైర్లు ఎట్లా ఉన్నాయిరా?”

అబద్ధం చెప్పకుండా జవాబివ్వగలిగే టైరే కొను తమ్ముడూ.