తూచి చెప్పవలసిన మాట

అన్నం ఉడికినదో లేదో తెలుసుకొనేందుకు గిన్నెలోని అన్నమంతా పట్టి చూడనక్కర లేదు, ఒక్క మెతుకు చాలునని మన పెద్దలు చెబుతారు. సాంఖ్యకశాస్త్రానికి ఇంతకంటె చక్కని ప్రవేశవాక్యం లేదని మా అభిప్రాయం. అయితే ఈ సామెతలో పైకి కనబడని షరతు ఒకటి ఉన్నది. అన్నం అడుగున మాడి, పైన పలుకుగా ఉన్నప్పుడు ఆ ఒక్క మెతుకు అబద్ధం చెబుతుంది. ఎక్కడి మెతుకు తీయాలి, ఎన్ని తీయాలి, వాటిని చూచి గిన్నె మొత్తాన్ని గురించి ఎంత ధైర్యంగా పలకవచ్చు అన్న మూడు ప్రశ్నలకు సమాధానమే మనం తరగతిలో చదివే ప్రతిరూప సిద్ధాంతం, పరికల్పన పరీక్ష, విశ్వాసాంతరం.

చదువుతున్నాము, నిజమే. అభ్యాసం చేస్తున్నామా అన్నదే మా సందేహం. పాఠ్యగ్రంథంలోని లెక్కను తీసుకొని, సూత్రంలో అంకెలు వేసి, వచ్చిన విలువను పట్టికలోని విలువతో పోల్చి, “శూన్య పరికల్పనను తిరస్కరించడమైనది” అని ఒక పంక్తి వ్రాసి రికార్డు మూసివేస్తాము. ఆ రికార్డు వచ్చే ఏడు తమ్ముళ్ళ చేతికి, చెల్లెళ్ళ చేతికి పోతుంది. ఆ అంకెలను ఎవరు తూచారో, ఎక్కడ తూచారో, ఎందుకు తూచారో అడిగినవారు లేరు. ఈ తప్పు ముందుగా మాదేనని ఒప్పుకొన్న తరువాతనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. నేడు కంప్యూటరు రెప్పపాటులో జవాబు చెబుతున్నది కనుక ఈ తప్పును దాచుకోవడం మరింత సులువైనది.

అభ్యాసం అంటే మేము ఏమి కోరుతున్నామో ఒక ఉదాహరణతో చెబుతాము. అంకెలు లెక్క కొరకు మేము కల్పించుకొన్నవే. ఒక దుకాణంలో కిలో కందిపప్పు పొట్లాలు అమ్ముతున్నారనుకొందాము. తూకం తక్కువని ఊరిలో ఒక మాట పుట్టినది. మనం 25 పొట్లాలను ముందు వరుసలోనివి మాత్రమే కాక, చీటీలు వేసి ఎన్నుకొని, కళాశాల త్రాసులో తూచాము. సగటు 994 గ్రాములు, క్రమవిచలనం 15 గ్రాములు వచ్చినది. 15ను 25 యొక్క వర్గమూలమైన 5తో భాగిస్తే ప్రామాణిక దోషం 3 గ్రాములు. సగటు వెయ్యికి 6 గ్రాములు తక్కువ, అనగా రెండు ప్రామాణిక దోషాల దూరం. 5 శాతం సార్థకతా స్థాయిలో, రెండు వైపుల పరీక్షకు పట్టికలోని విలువ 2.064. మన విలువ 2 మాత్రమే. కనుక శూన్య పరికల్పనను తిరస్కరించలేము.

ఇక్కడే మన రికార్డు ముగుస్తుంది, అసలు ఆలోచన ఇక్కడ మొదలు కావాలి. ఆ దుకాణదారు నిర్దోషి అని తేలినదా? లేదు. దోషి అనేందుకు మన చేతిలోని సాక్ష్యం చాలదని మాత్రమే తేలినది. 95 శాతం విశ్వాసాంతరం వేసి చూడండి. 987.8 నుండి 1000.2 గ్రాముల వరకు వస్తుంది. నిజమైన సగటు వెయ్యి గ్రాములు కావచ్చు, 988 కావచ్చు. ఈ రెంటినీ వేరు చేయగల శక్తి 25 పొట్లాలకు లేదు. 100 పొట్లాలు తూచి అదే సగటు, అదే విచలనం వచ్చి ఉంటే ప్రామాణిక దోషం 1.5కు తగ్గును. అంతరం 991 నుండి 997 వరకు కుదించుకొనిపోవును, వెయ్యి దాని వెలుపల పడును. అప్పుడు మన మాటకు బలం వచ్చును. పరీక్ష అవునో కాదో చెప్పి ఊరుకొంటుంది. అంతరం ఎంత, ఎంత అనిశ్చయంతో అన్నది చెబుతుంది. అందువలన అంతరం చెప్పని పరీక్షను సగం జవాబుగానే ఎంచాలని మా వాదం.

ఇందులో మరొక సూక్ష్మం ఉన్నది. తక్కువ తూకమే మన అనుమానమని, ఒక వైపు పరీక్ష చేస్తామని ముందే నిర్ణయించుకొని ఉంటే పట్టికలోని విలువ 1.711. అప్పుడు అవే 25 పొట్లాలతో పరికల్పన తిరస్కరింపబడును! అంకెలు మారలేదు, తీర్పు మారినది. మరి ఏది న్యాయం? ఏ ప్రశ్న అడుగుతామో తూచక ముందు కాగితం మీద వ్రాసినవాడిదే న్యాయం. తూచిన తరువాత తనకు నచ్చిన జవాబు వచ్చే పరీక్షను ఎన్నుకొనేవాడు త్రాసు క్రింద చింతపండు అంటించే వర్తకుని కంటె గొప్పవాడు కాడు. పాఠ్యగ్రంథపు లెక్కలో ప్రశ్న ముందే ఇచ్చి ఉంటుంది గనుక ఈ ప్రలోభం మనకు ఎన్నడూ ఎదురుకాదు. స్వయంగా తూచినవానికి మాత్రమే అది తెలుస్తుంది.

95 శాతం అన్న మాటను కూడా మనలో పలువురు పొరబడి పలుకుతున్నారు. నిజమైన సగటు ఈ అంతరంలో ఉండే అవకాశం నూటికి తొంభై అయిదు అని దాని అర్థం కాదు. నిజమైన సగటు ఎక్కడ ఉన్నదో అక్కడే ఉన్నది, కదిలేది మన అంతరమే. ఇదే పద్ధతిలో నూరుగురు విద్యార్థులు వేరువేరుగా పొట్లాలు తీసి అంతరాలు వేస్తే, సుమారు 95 మంది అంతరాలలో ఆ నిజం చిక్కును. మిగిలిన వారికి చిక్కదు. ఆ మిగిలినవారిలో మనం ఉన్నామేమో మనకు తెలియదు. ఈ వినయమే ఈ శాస్త్రం నేర్పే మొదటి సంస్కారం.

ఇదంతా కందిపప్పు గొడవ కదా అని ఎవరైనా నవ్వవచ్చు. నర్సీపట్నంవారికి తూకం నవ్వులాట కాదు. చింతపల్లి మన్యానికి ఎక్కే దారి మన ఊరి మీదుగానే పోతున్నది. పసుపు, మిరియాలు, చింతపండు తెచ్చుకొన్న గిరిజనుడు సంతలో ఎవరి త్రాసును నమ్మాలన్నది తరతరాల బాధ. దళారుల దోపిడి నుండి వారిని కాపాడే ఉద్దేశంతోనే విశాఖపట్నం కేంద్రంగా 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. అనుమానాన్ని అభియోగంగా, అభియోగాన్ని నిరూపణగా మార్చేందుకు ఏమి కావాలో తెలిసిన యువకులు ఈ ప్రాంతానికి అవసరం. నిర్దోషిని దొంగ అనడం ఒక తప్పు, దొంగను వదలివేయడం మరొక తప్పు. మొదటి తప్పుకు ఎంత అవకాశం ఇస్తామో సార్థకతా స్థాయి చెబుతుంది, రెండవది తగ్గేందుకు ఎక్కువ ప్రతిరూపాలు కావాలి.

మన వంటి కళాశాలకు ఇంకొక కారణం కూడా ఉన్నది. 2006లో సచార్ సంఘం ముస్లిముల విద్య, ఉద్యోగ స్థితిగతులపై ఇచ్చిన నివేదిక 2001 జనాభా లెక్కల మీద, జాతీయ నమూనా సర్వేల మీద ఆధారపడినది. మన విద్యార్థివేతనాలు, మన వసతిగృహాలు ఇటువంటి అంకెల మీదనే చర్చకు వస్తాయి. నమూనా సర్వే అంకె ఏదైనా దాని వెనుక ఒక అంతరం ఉంటుంది. దానిని అడగడం తెలియనివాడు తన గురించి ఇతరులు చెప్పిన లెక్కను పొగిడినా తిట్టినా గ్రుడ్డిగానే చేస్తాడు.

విద్యార్థి మిత్రులు అధైర్యపడవలసిన పని లేదు. మనం వాడే టీ పరీక్షను 1908లో లోకానికి ఇచ్చినది డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కర్మాగారపు ఉద్యోగి గాసెట్. ఆయన దానిని ప్రకటించిన కలం పేరు “స్టూడెంట్”, అనగా విద్యార్థి! కొద్దిపాటి ప్రతిరూపాలతో ఎంతవరకు చెప్పవచ్చునన్న పనిచోటి చిక్కు నుండి అది పుట్టినది.

ఇక మన ఆచార్య సి.ఆర్. రావుగారి సంగతి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఉద్యోగం కొరకు కలకత్తా వెళ్ళి, అది దొరకక 1941లో భారతీయ సాంఖ్యక సంస్థలో చేరిన తెలుగువాడు ఆయన. కలకత్తాలో పాఠం చెబుతుండగా, పెద్ద ప్రతిరూపాలకు ఫిషర్ చెప్పిన ఫలితం చిన్న ప్రతిరూపాలకు కూడా వర్తించునా అని దండేకర్ అనే విద్యార్థి అడిగినాడు. రావుగారు ఆ రాత్రి కూర్చొని సమాధానం సాధించినారు. 1945లో వెలువడిన ఆ వ్యాసంలోని ఫలితమే క్రామర్-రావు అసమానత. 2023లో ఆయనకు అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర పురస్కారం లభించినది, ఆ ఏడాది ఆగస్టులోనే 102 ఏళ్ళ వయస్సులో పరమపదించినారు. ఆ సిద్ధాంతంలో గురువుగారి మేధ ఎంత ఉన్నదో, విద్యార్థి ప్రశ్న కూడా అంత ఉన్నదని మా విశ్వాసం.

పాఠ్యప్రణాళిక పూర్తి చేసేందుకే కాలం చాలదని ఉపాధ్యాయులు అనవచ్చు. అది త్రోసివేయదగిన మాట కాదు. అందుకే మేము అడిగేది కొంచెమే. ప్రతి విద్యార్థి సంవత్సరానికి ఒక్క పరీక్ష తాను స్వయంగా సేకరించిన అంకెలతో చేయాలి. ప్రశ్న, శూన్య పరికల్పన, సార్థకతా స్థాయి, ప్రతిరూపాల సంఖ్య తూచక ముందే రికార్డులో వ్రాసి ఉపాధ్యాయుని సంతకం తీసుకోవాలి. ప్రతి పరీక్ష ప్రక్కన విశ్వాసాంతరం ఉండాలి. ఏమీ తేలలేదని వచ్చిన జవాబుకు కూడా పూర్తి మార్కులు ఇవ్వాలి, లేకుంటే అంకెలు దిద్దడం మనమే నేర్పినవారమవుతాము. ఏ వర్తకుని పేరూ బయటపెట్టరాదు. కళాశాల కమిటీవారు ఇందుకు ఒక మంచి త్రాసును, వారానికి ఒక గంటను, వచ్చే సంచికలో రెండు పుటలను దయచేయవలెనని ప్రార్థన.

ఈ సంచికలో ఉర్దూ పుటలు కుడి నుండి ఎడమకు, తెలుగు పుటలు ఎడమ నుండి కుడికి సాగుతాయి. అంకెలు మాత్రం రెండింటా ఎడమ నుండి కుడికే నడుస్తాయి. రెండు భాషలవారమూ కలిసి చదవగల ఆ అంకెలను ఇకనైనా మన చేతులతో తూచి వ్రాద్దాము.