యజమాని ధైర్యం, సంపాదకుని స్వేచ్ఛ

1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో బహదూర్ షా జఫర్ మార్గంలోని పత్రికా కార్యాలయాలకు విద్యుత్తు నిలిచిపోయింది. జూన్ 28న ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ సంపాదకీయం ఉండవలసిన చోటును ఖాళీగా వదిలి వెలువడింది. ఆ ఖాళీకి అండగా నిలిచినవాడు పత్రికాధిపతి రామ్‌నాథ్ గోయెంకా.

1904లో బీహారులోని దర్భంగాలో జన్మించిన గోయెంకా వ్యాపార నిమిత్తం మద్రాసు చేరి, 1930 దశకంలో ‘ఎక్స్‌ప్రెస్’ను చేపట్టారు. తెలుగు పాఠకులకు ఆయన పరాయివారు కారు. 1938లో ‘ఆంధ్రప్రభ’ను నెలకొల్పింది ఆయనే. రాజ్యాంగసభలో సభ్యులైనారు. 1971లో విదిశ నుంచి లోక్‌సభకు ఎన్నికైనారు.

ప్రభుత్వాలతో ఆయన పోరు సుదీర్ఘమైనది. అత్యవసర పరిస్థితిలో డైరెక్టర్ల బోర్డును ప్రభుత్వానికి అనుకూలురతో నింపినా ఆయన లొంగలేదు. ఢిల్లీలోని ఎక్స్‌ప్రెస్ భవనంపై 1980లో జారీ అయిన నోటీసులను సుప్రీంకోర్టు 1985లో కొట్టివేసింది. 1987 సెప్టెంబరులో బొఫోర్స్ దుమారం నడుమ ఎక్స్‌ప్రెస్ కార్యాలయాలపై దేశవ్యాప్తంగా దాడులు జరిగాయి. అయినా పత్రిక తలవంచలేదు.

అయితే నాణేనికి రెండవ వైపు కూడా చూడక తప్పదు. అధికార పీఠాన్ని ధిక్కరించిన ఆ చేయే సంపాదకులను నియమించింది, తొలగించింది. అరుణ్ శౌరిని 1982లో పంపివేసి, 1987లో తిరిగి పిలిచి, 1990లో మరల సాగనంపిన ఉదంతం జగద్విదితం. ‘ప్రభ’కు వన్నె తెచ్చిన నార్ల వెంకటేశ్వరరావు ఆ పత్రికను వీడి, 1960లో ‘ఆంధ్రజ్యోతి’ సంపాదకులైనారు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం సంపాదకుని ఉద్యోగాన్ని రద్దు చేయడానికి ఆరు నెలల నోటీసు కావాలన్నది. అతడు ఏమి వ్రాయాలో నిర్ణయించే హక్కు ఎవరిదన్న ప్రశ్న జోలికి మాత్రం అది పోలేదు.

1991 అక్టోబరులో గోయెంకా కన్నుమూశారు. అనంతరం ఆయన నిర్మించిన సంస్థ ఉత్తర, దక్షిణ విభాగాలుగా వారసుల నడుమ చీలిపోయింది. ఆస్తిని పంచుకోవచ్చును, సాహసాన్ని వీలునామాలో వ్రాసి ఇవ్వడం సాధ్యం కాదు.

పత్రికాస్వేచ్ఛ ఒక యజమాని గుండెనిబ్బరం మీద ఆధారపడినంత కాలం అది అతని ఆయుష్షును మించి బ్రతకదు. సర్కారు నుంచి పత్రికను కాపాడేందుకు న్యాయస్థానాలున్నాయి. యజమాని నుంచి సంపాదకుని కాపాడేది ఏది? ప్రజాస్వామ్యాన్ని కోరే ప్రతి పాఠకుడూ అడగవలసిన ప్రశ్న ఇది.